సిలా రహ్మీ - విశ్వాసానికి ఇంటి పరీక్ష

మన నికాహ్ సభల్లో చదివే ఖుత్బాలో దివ్య ఖుర్ఆన్‌లోని అన్-నిసా సూరా మొదటి ఆయత్ ఉంటుంది. మానవులందరినీ ఒకే ప్రాణి నుంచి పుట్టించిన ప్రభువుకు భయపడాలనీ, బంధుత్వ సంబంధాలను తెంచుకోకుండా జాగ్రత్తపడాలనీ, అల్లాహ్ మనల్ని ఎల్లవేళలా కనిపెట్టి ఉన్నాడనీ ఆ ఆయత్ బోధిస్తుంది.

ఆ ఆయత్ వినిపిస్తున్న పందిట్లోనే ఎవరు లేరో ఒకసారి గమనించండి. పెళ్ళికూతురి ఫూఫూ రాలేదు. ఆస్తి పంపకాలప్పుడు పడిన మాట ఇంకా మనసులో ఉంది. పెద్ద చాచా వచ్చారు గాని భోజనానికి కూర్చోలేదు. కార్డు పిల్లాడి చేత పంపించారట, ఇంటి యజమాని స్వయంగా రాలేదట. ఒక ఖాలా అయితే తన చెల్లెలి ఇంటి ముందు నుంచే వెళ్తూ కూడా తల తిప్పుకుంటుంది. వీళ్ళందరూ నమాజు చేసేవారే. రమజాన్ ఉపవాసాలు పాటించేవారే. వారిలో హజ్ చేసి వచ్చిన వారూ ఉండవచ్చు.

ఇస్లాం మస్జిదుకు మాత్రమే పరిమితమైన ధర్మం కాదని మనం తరచూ చెప్పుకుంటాం. ఆ మాట నిజమో కాదో ముందుగా తేలేది మన ఇంట్లోనే, మన రక్తసంబంధీకుల మధ్యనే. అందుకే ఈ పాఠంలో సిలా రహ్మీ, అంటే బంధుత్వాలను కలిపి ఉంచటం గురించి తెలుసుకుందాం.

నమాజుతో పాటే నేర్పిన పాఠం

అరబీలో 'రహిమ్' అంటే తల్లి గర్భం. ఒకే గర్భం ద్వారా ఏర్పడిన సంబంధాలు గనుక బంధుత్వానికి కూడా అదే మాట వాడతారు. కరుణామయుడైన అల్లాహ్ తన 'రహ్మాన్' అనే నామం నుంచే బంధుత్వానికి ఈ పేరు పెట్టాడనీ, దాన్ని కలిపిన వారిని తాను కలుపుకుంటాననీ, తెంచిన వారిని తాను తెంచివేస్తాననీ తెలియజేశాడని తిర్మిజీ, అబూదావూద్ గ్రంథాల్లోని ఒక హదీసు చెబుతోంది. బంధుత్వాన్ని తెంచేవాడు స్వర్గంలో ప్రవేశించడని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది.

ఈ బోధ ఎప్పుడు మొదలైందో గమనించండి. హిరా గుహలో మొదటి వహీ అవతరించిన తరువాత దైవప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. అప్పుడు హజ్రత్ ఖదీజా (రజి) ఆయనకు ధైర్యం చెప్పారు. అల్లాహ్ మిమ్మల్ని ఎన్నటికీ అవమానం పాలు చేయడంటూ ఆమె ఆయనలోని సుగుణాలను లెక్కపెట్టినప్పుడు మొట్టమొదట చెప్పింది ఆయన బంధువులతో సంబంధాలు కలిపి ఉంచుతారన్న విషయమే. అప్పటికింకా ఐదు పూటల నమాజు విధి కాలేదు, ఉపవాసాలు విధి కాలేదు.

అలాగే రోము చక్రవర్తి హెరాక్లియస్ దర్బారులో అబూసుఫ్యాన్‌ను ఆ ప్రవక్త మీకు ఏమి ఆజ్ఞాపిస్తున్నాడని అడిగారు. అప్పటికి అబూసుఫ్యాన్ ఇస్లాంకు బద్ధవిరోధి. అయినా ఆయన చెప్పిన జవాబులో ఏకదైవారాధన, నమాజు, సత్యం, శీలం, వాటితో పాటు బంధుత్వాలను కలపటం ఉన్నాయి. అంటే ఇస్లాం బోధల్లో సిలా రహ్మీ కూడా ఉందని శత్రువులకు సైతం తెలుసు.

లెక్క తీర్చుకోవటం సిలా రహ్మీ కాదు

మన ఇళ్ళల్లో తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "వాళ్ళు మన ఇంటికి వస్తే మనం వాళ్ళింటికి వెళ్దాం." "మా అమ్మాయి పెళ్ళికి వాళ్ళు ఐదు వందలు చదివించారు, మనమూ అంతే చదివిద్దాం." చదివింపులు రాసుకున్న పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. తీసి చూస్తే ఎవరికి ఎంత 'బాకీ' ఉన్నామో తెలిసిపోతుంది.

దీన్ని బంధుత్వం నిలుపుకోవటమని మనం అనుకుంటున్నాం. కాని వచ్చినదానికి బదులు ఇచ్చేవాడు బంధుత్వాన్ని కలిపేవాడు కాడనీ, ఎదుటివారు తెంచుకున్నా తాను కలుపుకునేవాడే నిజంగా కలిపేవాడనీ దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (బుఖారీ). ఇచ్చిపుచ్చుకోవటం బజారులో కూడా జరుగుతుంది. దానికి విశ్వాసం అవసరం లేదు. ఎదుటివారు ముఖం తిప్పుకున్నప్పుడు సలాం చెప్పటానికే విశ్వాసం కావాలి.

ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తన గోడు చెప్పుకున్నాడు. నేను కలుపుకుంటుంటే నా బంధువులు తెంచుకుంటున్నారు, నేను మేలు చేస్తే వాళ్ళు కీడు చేస్తున్నారు, నేను సహిస్తుంటే వాళ్ళు మూర్ఖంగా ప్రవర్తిస్తున్నారు అన్నాడు. నీవు చెప్పింది నిజమే అయితే వారి నోట్లో వేడి బూడిద పోస్తున్నట్లే, నీవు ఈ పద్ధతి మీద ఉన్నంత కాలం అల్లాహ్ తరఫు నుంచి నీకు ఒక సహాయకుడు తోడుంటాడని ఆయన (స) అభయమిచ్చారు (ముస్లిం). వారిని వదిలెయ్యమని గాని, నీవు కూడా అలాగే చెయ్యమని గాని ఆయన చెప్పలేదు. మరోమాట కూడా గుర్తుంచుకోవాలి. ఈ హదీసు వినగానే మనమందరం ఆ ఫిర్యాదు చేసిన వ్యక్తి స్థానంలో మనల్నే ఊహించుకుంటాం. మన బంధువుల దృష్టిలో మనం ఏ స్థానంలో ఉన్నామో కూడా ఆలోచించాలి.

"నీ గడప తొక్కను" అని ఒట్టు వేసుకున్నవారికి

కోపంలో "చచ్చినా నీ గడప తొక్కను, అల్లాహ్ సాక్షిగా చెబుతున్నాను" అని ఒట్టు పెట్టుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. కోపం చల్లారాక కలుద్దామని మనసులో ఉన్నా ఒట్టు అడ్డు వస్తుంది. ఇలాంటి వారికి ఇద్దరు మహనీయుల జీవితాల్లో చక్కని మార్గదర్శకత్వం ఉంది.

మొదటిది హజ్రత్ అబూబక్ర్ (రజి) సంఘటన. మిస్తహ్ బిన్ ఉసాసా (రజి) ఆయనకు తల్లి తరఫు దగ్గరి బంధువు. పేదవాడు, ముహాజిర్, బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవాడు. అతని ఖర్చులు హజ్రత్ అబూబక్రే (రజి) భరించేవారు. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) పై కపటులు అపనింద వేసినప్పుడు మిస్తహ్ కూడా ఆ మాటలు పలికినవారిలో కలిశాడు. అల్లాహ్ స్వయంగా ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటిస్తూ ఆయతులు అవతరింపజేశాడు. అప్పుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇకమీదట మిస్తహ్‌కు ఏమీ ఇవ్వనని ప్రమాణం చేశారు.

ఆ తండ్రి బాధ ఎంతటిదో ఆలోచించండి. కార్డు ఇవ్వలేదనో, గోడ జరిపారనో వచ్చిన కోపం కాదది. కన్నకూతురి శీలం మీద వేసిన నింద. అది కూడా తన అన్నం తిన్న బంధువు నోటి నుంచి వచ్చింది. అయినా అన్-నూర్ సూరా 22వ ఆయత్ అవతరించింది. స్తోమత గలవారు బంధువులకు, పేదలకు, అల్లాహ్ మార్గంలో వలస వచ్చినవారికి సహాయం చేయబోమని ఒట్టు పెట్టుకోరాదనీ, వారిని మన్నించి వదిలెయ్యాలనీ చెబుతూ, అల్లాహ్ మిమ్మల్ని క్షమించటం మీకు ఇష్టం కాదా అని ప్రశ్నించింది. ఆ ప్రశ్న వినగానే హజ్రత్ అబూబక్ర్ (రజి) తనకు అల్లాహ్ క్షమాపణే కావాలని చెప్పి, మిస్తహ్‌కు ఇచ్చే భరణాన్ని తిరిగి మొదలుపెట్టారు. ఇక ఎన్నడూ దాన్ని ఆపనని మళ్ళీ ప్రమాణం చేశారు (బుఖారీ).

రెండవది హజ్రత్ ఆయిషా (రజి) సంఘటన. ఆమె చేతికి ఎముక లేదు, ఉన్నదంతా దానం చేసేవారు. ఆమె అక్క కుమారుడు అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) దీన్ని ఆపకపోతే నేనే ఆమెను కట్టడి చేస్తానని అన్నారట. ఆ మాట ఆమె చెవిన పడింది. ఇక ఎన్నటికీ అతనితో మాట్లాడనని మొక్కుకున్నారు. చాలా కాలం గడిచింది. ఆయనకు దుఃఖం ఆగలేదు. చివరికి మిస్వర్ (రజి), అబ్దుర్రహ్మాన్ అనే ఇద్దరు పెద్దలు ఆయనను తమ దుప్పట్లలో కలుపుకొని వెంట తీసుకెళ్ళారు. లోపలికి అనుమతి దొరకగానే ఆయన పరదా దాటి వెళ్ళి పిన్నమ్మను కౌగలించుకొని ఏడ్చారు. ముస్లిం తన సోదరునితో మూడు రాత్రులకు మించి మాట్లాడకుండా ఉండటం ధర్మసమ్మతం కాదన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని ఆ పెద్దలు బయటి నుంచి గుర్తు చేస్తూనే ఉన్నారు. ఆమె ఏడుస్తూ, తన మొక్కు చాలా కఠినమైనదని అంటూనే చివరికి మాట్లాడారు. ఆ మొక్కుకు పరిహారంగా నలభై మంది బానిసలను విడిపించారు. ఆ తరువాత కూడా అది గుర్తుకు వచ్చినప్పుడల్లా కన్నీటితో ఆమె ఓఢ్నీ తడిసిపోయేదట (బుఖారీ).

కనుక ఒట్టు అడ్డంకి కాదు. ఒక విషయం మీద ఒట్టు పెట్టుకున్న తరువాత దానికంటే మంచిది కనిపిస్తే ఆ మంచిపనే చేసి, ఒట్టుకు పరిహారం చెల్లించాలని దైవప్రవక్త (స) బోధించారు (ముస్లిం). ఆ పరిహారం ఏమిటో అల్-మాయిదా సూరా 89వ ఆయత్‌లో ఉంది. పదిమంది పేదలకు మన ఇంట్లో మామూలుగా తినే భోజనం పెట్టాలి లేదా వారికి బట్టలు ఇవ్వాలి లేదా ఒక బానిసను విడిపించాలి. అంత స్తోమత లేనివారు మూడు రోజులు ఉపవాసం ఉండాలి. పదిమందికి భోజనం పెట్టే ఖర్చు ఎంత? ఆ కాస్త ఖర్చుతో తొలగిపోయే అడ్డంకిని కొందరు కబరు దాకా మోసుకుపోతున్నారు.

మూడు రోజులు దాటితే

కోపం మానవ సహజం. అందుకే షరీఅత్ మూడు రోజుల గడువు ఇచ్చింది. ఇద్దరు ఎదురుపడి ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం తిప్పుకుంటే, వారిలో ముందుగా సలాం చెప్పేవాడే ఉత్తముడని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). తప్పు ఎవరిదో తేలిన తరువాత సలాం చెప్పాలని ఆయన షరతు పెట్టలేదు. ఎవరు చిన్నవారో వారే ముందు రావాలని కూడా అనలేదు.

సోమవారం, గురువారం స్వర్గ ద్వారాలు తెరుచుకుంటాయనీ, అల్లాహ్‌కు సాటి కల్పించని ప్రతి దాసుడినీ క్షమించటం జరుగుతుందనీ, కాని పరస్పరం పగతో ఉన్న ఇద్దరి వ్యవహారాన్ని మాత్రం వారు రాజీపడేదాకా వాయిదా వేస్తారనీ మరో హదీసులో ఉంది (ముస్లిం). వారానికి రెండుసార్లు అల్లాహ్ క్షమాపణ మన ఇంటి దాకా వచ్చి ఆగిపోతోందంటే, దానికి కారణం పక్క వీధిలో ఉన్న సొంత తమ్ముడితో మనం పెట్టుకున్న పంతమే అయితే, ఈ నష్టాన్ని ఏ నఫిల్ నమాజులతో పూడ్చుకుంటాం?

తెగిన చోట తరచుగా ఆస్తి ఉంటుంది

బంధుత్వాలు ఎక్కువగా తెగేది మాటల వల్ల కాదు, హక్కుల వల్ల. ముఖ్యంగా అక్కచెల్లెళ్ళ వారసత్వ హక్కు వల్ల. తండ్రి చనిపోతాడు. అన్నదమ్ములు పొలం, ఇల్లు పంచుకుంటారు. "ఆపా మాఫ్ చేసేసింది" అని ఒక మాట పుట్టిస్తారు. నిజంగా ఆమె మాఫ్ చేసిందా? హక్కు అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని, పండుగకు పిలిచేవారు ఉండరని భయపడి మౌనంగా ఉండిపోయిందా?

ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన సోదరుడు ఆస్తినంతా తీసేసుకున్నాడు. సఅద్ భార్య తన ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి మొర పెట్టుకున్నారు. వారసత్వపు ఆయత్ అవతరించింది. దైవప్రవక్త (స) ఆ పిల్లల బాబాయిని పిలిపించి, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదవ వంతు ఇచ్చి, మిగిలినది నీవు తీసుకోమని ఆదేశించారు (అబూదావూద్, తిర్మిజీ). ఆ బాలికలు తమ హక్కును అడిగి బంధుత్వం తెంచలేదు. హక్కును ఆపి ఉంచటమే బంధుత్వాన్ని తెంచటం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తి చనిపోయాడు. అతని తల్లిదండ్రులు అంతకుముందే మరణించారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. కఫన్-దఫన్ ఖర్చులు, భార్యకు ఇవ్వాల్సిన మహర్‌తో సహా అప్పులు తీర్చి, వసీయత్ ఉంటే మూడో వంతుకు మించకుండా అమలు చేయగా మిగిలిన ఆస్తి విలువ 48 లక్షలు అనుకుందాం. భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 6 లక్షలు. మిగిలిన 42 లక్షల్లో ఒక్కో కొడుకుకు 14 లక్షలు, ఒక్కో కూతురికి 7 లక్షలు. లెక్క ఇంత సులభం. వారసులు వేరుగా ఉంటే లెక్క మారుతుంది, అప్పుడు ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

"పెళ్ళిలో జహేజ్ ఇచ్చాం కదా" అనే సాకు చెల్లదు. జహేజ్ మనం కల్పించుకున్న ఆచారం, వారసత్వం అల్లాహ్ నిర్ణయించిన హక్కు. ఒకదానికి మరొకటి బదులు కాదు. అన్-నిసా సూరాలో ఈ వాటాలను వివరించిన వెంటనే 13, 14 ఆయతుల్లో ఇవి అల్లాహ్ విధించిన హద్దులని తెలిపి, పాటించినవారికి స్వర్గ శుభవార్తను, మీరినవారికి నరక హెచ్చరికను వినిపించటం జరిగింది. అక్కచెల్లెలు నిజంగా వదులుకోదలిస్తే ముందు ఆమె వాటా ఎంతో చెప్పి ఆమె చేతికి అప్పగించండి. ఆ తరువాత ఆమె సంతోషంగా ఏమి ఇచ్చినా అది ఆమె ఔదార్యం. పండుగకు చీర పెట్టి, పొలం కాగితాల మీద సంతకం తీసుకోవటం సిలా రహ్మీ కాదు.

ఓర్పుకు, అన్యాయానికి తేడా

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. కలుపుకోవటమంటే అన్యాయాన్ని నోరు మూసుకొని భరించటం కాదు. మిస్తహ్‌ను మన్నించమని చెప్పిన అదే సూరాలో అపనింద వేసేవారికి శిక్ష కూడా ఉంది. అల్లుడు కొడుతున్నాడని కూతురు పుట్టింటికి వస్తే "సబర్ చెయ్" అని మాత్రమే చెప్పి తిప్పి పంపటం సిలా రహ్మీ కాదు. దౌర్జన్యం చేసే సోదరుడికి ఎలా సహాయం చేయాలని సహాబాలు అడిగినప్పుడు, అతని చెయ్యి పట్టుకొని ఆపటమే సహాయమని దైవప్రవక్త (స) జవాబిచ్చారు (బుఖారీ). ఎవరితోనైనా కలిసి మెలిసి ఉంటే తన ధర్మానికి గాని, ప్రాణానికి గాని హాని కలుగుతుందని భయముంటే దూరం పాటించవచ్చని ఉలమా వివరించారు. అప్పుడు కూడా మనసులో పగ పెంచుకోకుండా, ఎదురుపడితే సలాం చెప్పటం, వారి హిదాయత్ కోసం దుఆ చేయటం మన చేతిలోనే ఉంటుంది.

బంధువులు ముస్లింలు కాకపోతే

మన తెలుగు ప్రాంతంలో ఇస్లాం స్వీకరించిన సోదర సోదరీమణులు ఉన్నారు. వారి తల్లిదండ్రులు, అన్నదమ్ములు హిందువులుగానో, క్రైస్తవులుగానో ఉంటారు. ధర్మం మారితే తల్లి తల్లి కాకుండా పోతుందా? హుదైబియా ఒప్పందం అమలులో ఉన్న రోజుల్లో హజ్రత్ అస్మా బిన్త్ అబూబక్ర్ (రజి) తల్లి ఆమెను చూడటానికి మదీనా వచ్చింది. ఆమె అప్పటికి విగ్రహారాధకురాలు. ఆమెను ఆదరించవచ్చా అని అస్మా (రజి) అడిగితే, నీ తల్లిని ఆదరించమని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు (బుఖారీ, ముస్లిం). షిర్క్ చేయమని తల్లిదండ్రులు బలవంతం చేస్తే ఆ మాట వినకూడదు, కాని ఈ లోకంలో వారితో మంచిగా మెలగాలని లుఖ్మాన్ సూరా 15వ ఆయత్ నేర్పుతోంది. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవాడు తన తల్లికి మునుపటికంటే మంచి కొడుకుగా మారితే, ఆ ఇంట్లో ఇస్లాం గురించి అంతకంటే మంచి పరిచయం మరొకటి ఉండదు.

మధ్యలో ఉన్నవారి బాధ్యత

ప్రతి తగాదాలోనూ ఇద్దరు ఎదురెదురుగా ఉంటే పదిమంది మధ్యలో ఉంటారు. ఇక్కడి మాట అక్కడ చేరవేసి, ఫోనులో రికార్డు చేసిన మాటలు వాట్సాప్‌లో పంపి నిప్పు రాజేసేవారు కొందరు. చాడీలు చెప్పేవాడు స్వర్గంలో ప్రవేశించడన్న హదీసు వీరికి వర్తిస్తుంది (బుఖారీ, ముస్లిం). మిస్వర్ (రజి), అబ్దుర్రహ్మాన్‌ల మాదిరిగా చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి కలిపేవారు మరికొందరు. ఇద్దరి మధ్య రాజీ కుదర్చటం నఫిల్ ఉపవాసాలు, నమాజులు, దానాల కంటే శ్రేష్ఠమని దైవప్రవక్త (స) తెలియజేశారు (అబూదావూద్, తిర్మిజీ). రాజీ కోసం ఒకరి గురించి మరొకరికి మంచిమాట కల్పించి చెప్పినా అతన్ని అబద్ధాలకోరుగా పరిగణించరని హజ్రత్ ఉమ్మె కుల్సూమ్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). "మీ అన్నయ్య నిన్న నీ గురించి అడిగాడు" అనే ఒక్క మాట ఎన్ని సంవత్సరాల మంచును కరిగిస్తుందో చేసి చూస్తేనే తెలుస్తుంది.

ఆచరణ కోసం

1. మీరు మాట్లాడటం మానేసిన బంధువుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ జాబితాలో ఒక్క పేరున్నా ఈ వారమే సలాంతో మొదలుపెట్టండి. నేరుగా వెళ్ళటం కష్టమైతే ఫోను చేయండి, లేదా ఇద్దరికీ గౌరవమున్న పెద్దమనిషిని వెంట తీసుకెళ్ళండి.

2. మొదటి కలయికలో పాత లెక్కలు తీయకండి. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) తనను బావిలో పడేసిన అన్నలు ఎదుట నిలబడినప్పుడు వారిని ఒక్క మాట కూడా నిందించకుండా క్షమాపణ కోరుతూ దుఆ చేశారు.

3. ఒట్టు అడ్డుగా ఉంటే పరిహారం చెల్లించండి.

4. మీ ఇంట్లో తండ్రి, తాతల ఆస్తిలో ఏ స్త్రీకైనా వాటా అందకుండా ఉంటే లెక్క వేయించి అప్పగించండి. ఆమె మరణించి ఉంటే ఆ వాటా ఆమె వారసులది.

5. జకాత్, సదఖా ఇచ్చేటప్పుడు అర్హులైన బంధువులను ముందు చూడండి. పేద బంధువుకిచ్చే దానానికి రెండు పుణ్యాలు, ఒకటి దానానికి, రెండవది బంధుత్వానికి (తిర్మిజీ, నసాయీ). అయితే తల్లిదండ్రులకు, సంతానానికి జకాత్ ఇవ్వకూడదు, వారిని పోషించటం మన బాధ్యతే.

ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించండి

మన పిల్లలకు వారి తండ్రి తరఫు, తల్లి తరఫు బంధువులందరూ తెలుసా? మనం ఎవరితోనైనా మాట్లాడటం మానేసినప్పుడు పిల్లలను కూడా మాట్లాడనివ్వటం లేదా? మన తగాదా వారికి వారసత్వంగా ఇచ్చి పోతున్నామా? ఫలానా బంధువు రేపు మరణిస్తే జనాజాకు వెళ్తామా? వెళ్ళేటట్లయితే, బ్రతికి ఉండగా ఎందుకు వెళ్ళకూడదు?

తన ఉపాధి పెరగాలనీ, ఆయుష్షు వృద్ధి చెందాలనీ కోరుకునేవాడు బంధుత్వాలను కలిపి ఉంచాలని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు (బుఖారీ, ముస్లిం). ఇహలోకంలో శుభం, పరలోకంలో సాఫల్యం రెండూ ఉన్న ఈ ఆచరణకు మనం చేయవలసింది ఒక గడప దాటటమే.

అల్లాహ్ మన హృదయాల్లోని పగలను తొలగించి, ఎవరి హక్కు వారికి అప్పగించే ధైర్యాన్ని, తెగిన బంధాలను కలుపుకునే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.